భూగర్భ లేఖకుడు జాన్ బడిల్

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: జీవిత చరిత్ర. బొగ్గు గనుల త్రవ్వకంలో ప్రమాదం రెండు చోట్ల పొంచి ఉంటుంది. ఒకటి గనిలో శ్రమించే కార్మికుని తలపైన, రెండవది గనిపైన కాపురముండే గృహస్థుని కాళ్ళ క్రింద. ఈ రెండింటికీ మూలం ఒక్కటేనని గ్రహించి, భూగర్భంలో జరిగే ప్రతి మార్పునూ కొలిచి, రాసి, భద్రపరచాలని కోరిన ఇంగ్లండు గని నిపుణుడు జాన్ బడిల్. ఆయన జీవిత విశేషాలు ఈ పాఠంలోని విషయం.

పాఠం

భూమికి మన పూర్వులు అనేక నామాలు పెట్టారు. సంపదను ధరించినది కనుక వసుంధర అన్నారు. గర్భంలో రత్నాలను దాచుకున్నది కనుక రత్నగర్భ అన్నారు. ఎంతటి భారాన్నైనా ఓర్చుకుంటుంది కనుక సర్వంసహ అనీ, క్షమ అనీ కొనియాడారు. మొదటి రెండు నామాలు మనిషిలో ఆశను రేపాయి. తరువాతి రెండు నామాలు అతనిని ఏమరుపాటుకు లోను చేశాయి. ఎంత త్రవ్వినా భూమి ఓర్చుకుంటుందనే భావంతో మానవుడు తరతరాలుగా దాని గర్భాన్ని తొలుస్తూ వచ్చాడు. ఆ ఓర్పుకు ఒక హద్దు ఉన్నదనీ, ఆ హద్దును కొలిచి తెలుసుకోవడం సాధ్యమేననీ తన జీవితానుభవంతో గ్రహించిన తొలితరం నిపుణులలో జాన్ బడిల్ ప్రముఖుడు.

ఇంగ్లండు దేశపు ఈశాన్య భాగంలో టైన్ అనే నది ప్రవహిస్తున్నది. దాని ఒడ్డున న్యూకాసిల్ నగరం ఉన్నది. నగరానికి తూర్పున, నది దిగువన వాల్స్‌ఎండ్ అనే ఊరు ఉన్నది. పూర్వం రోమను చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన పొడవైన రక్షణ కుడ్యం తూర్పున ఇక్కడితో ముగుస్తుంది. గోడ అంతమయ్యే చోటు అని ఆ ఊరి పేరుకు అర్థం. పద్ధెనిమిదవ శతాబ్దం చివరికి ఈ ఊరి ప్రసిద్ధి గోడవల్ల కాక, బొగ్గువల్ల వ్యాపించింది. ఇక్కడి బొగ్గు ఓడలకెక్కి లండన్ నగరానికి చేరేది. లండన్ గృహస్థులు మేలైన బొగ్గుకు మారుపేరుగా వాల్స్‌ఎండ్ పేరునే వాడేవారు. కార్ఖానాల యుగం అప్పుడే కళ్ళు తెరుస్తున్నది. ఆవిరి యంత్రాలకు బొగ్గే ఆహారం. కనుక గనులు నానాటికీ లోతుకు దిగసాగాయి. లోతు పెరిగిన కొద్దీ నీరు, విషవాయువు, పైకప్పు భారం అనే మూడు శత్రువులు బలపడ్డాయి.

అటువంటి కాలంలో 1773వ సంవత్సరంలో డర్హం మండలంలోని కయో అనే చిన్న గ్రామంలో జాన్ బడిల్ జన్మించాడు. తండ్రి పేరు కూడా జాన్ బడిలే. ఆయన బడిపంతులు. గణితశాస్త్రాన్ని స్వయంకృషితో అభ్యసించినవాడు. లెక్కలలో ఆయనకున్న ప్రజ్ఞ క్రమంగా ఆయనను గనుల వైపు నడిపించింది. నేల పైనుంచి చూడలేని సొరంగాల దిశను, లోతును, వాలును లెక్కకట్టి చెప్పగలవాడు గని యజమానులకు ఎంతో అవసరం. అలా బడిపంతులు గని నిపుణుడై, కొంతకాలానికి వాల్స్‌ఎండ్ గనికి పర్యవేక్షకుడయ్యాడు.

కుమారుడు బడికి వెళ్ళి చదివింది చాలా తక్కువ. తండ్రియే అతనికి గురువు. అక్షరాలతో పాటు అంకెలు, అంకెలతో పాటు గీతలు, గీతలతో పాటు గనులు అతనికి పరిచయమయ్యాయి. ఆరేళ్ళు నిండకముందే అతడు గని పనిలో అడుగుపెట్టాడు. ఈ విషయం నేటి పాఠకునికి బాధ కలిగిస్తుంది. ఆ కాలంలో ఆ ప్రాంతపు బాలురకు ఇది మామూలు సంగతి. చీకటిలో ఒంటరిగా కూర్చుని గాలి తలుపులు తెరవడం, మూయడం పసివారి పని. అదే చీకటిలో పెరిగినవాడు కావడంవల్ల బడిల్‌కు భూగర్భం పుస్తకంలో చదివిన విషయం కాలేదు. చెవితో విని, చేతితో తడిమి తెలుసుకున్న లోకమైంది.

1806లో తండ్రి మరణించాడు. వాల్స్‌ఎండ్ గని బాధ్యత కుమారునికి సంక్రమించింది. గని పర్యవేక్షకుని ఆ ప్రాంతంలో వ్యూయర్ అనేవారు. బొగ్గు ఎక్కడ ఉన్నదో నిర్ణయించడం, షాఫ్ట్ ఎక్కడ దింపాలో చెప్పడం, గాలి ఏ దారిన నడవాలో ఏర్పాటు చేయడం, ఎంత బొగ్గు తీయవచ్చునో, ఎంత వదలాలో లెక్కకట్టడం వ్యూయర్ విధులు. యజమానికి లాభం, కార్మికునికి ప్రాణం అతని లెక్కమీదనే ఆధారపడి ఉండేవి. బడిల్ ఆ లెక్కలో ఎంతటి నేర్పరి అయ్యాడంటే, కొన్నేళ్ళలోనే ఆ ప్రాంతంలోని అనేక గనులు ఆయన సలహా కోసం వేచి చూడసాగాయి. బొగ్గు వర్తకానికి రాజు అని జనం ఆయనకు బిరుదు పెట్టారు.

ఆనాడు బొగ్గు త్రవ్వే విధానాన్ని ముందుగా తెలుసుకోవాలి. వేయి స్తంభాల గుడి వంటి మండపాన్ని ఊహించుకుంటే అది సులభంగా బోధపడుతుంది. మండపంలో శిల్పి స్తంభాలను తెచ్చి నిలబెడతాడు. గనిలో కార్మికుడు స్తంభాలను నిలబెట్టడు, వదిలిపెడతాడు. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తొలుచుకుంటూ పోతే వాటి మధ్య బొగ్గు దిమ్మెలు మిగులుతాయి. ఆ దిమ్మెలే పైనున్న వందల అడుగుల రాతిని మోసే స్తంభాలు. స్తంభాలు లావుగా ఉంటే పైకప్పు నిలుస్తుంది, కాని బొగ్గులో పెద్దభాగం భూమిలోనే ఉండిపోతుంది. స్తంభాలను సన్నగా చెక్కితే బొగ్గు ఎక్కువ దొరుకుతుంది, కాని పైకప్పుకు ఆధారం తగ్గిపోతుంది. మండపంలోని స్తంభాలను ఒక్కొక్కటిగా తీసుకుపోయి అమ్ముకునేవాడు ఎన్ని స్తంభాలదాకా తీయవచ్చునో తెలుసుకోవలసి ఉంటుంది. బడిల్ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

వాల్స్‌ఎండ్ గనిలో ఆ ప్రశ్న విచిత్రమైన రూపంలో ఎదురయింది. అక్కడ పైకప్పు కూలకుండానే నేల పైకి లేవసాగింది. గని కార్మికులు దీనిని క్రీప్ అనేవారు. ప్రాకుతూ వచ్చేది అని దానికి అర్థం చెప్పుకోవచ్చు. మెత్తని అడుసులో బరువైన రోలును నిలబెడితే రోలు కొంత దిగబడుతుంది, దాని చుట్టూ అడుసు పైకి ఉబుకుతుంది. గనిలో జరిగింది కూడా అదే. పైనున్న రాతి భారమంతా స్తంభాలమీద పడినప్పుడు, స్తంభాలు గట్టివైనా వాటి క్రింద నేల మెత్తని బంకరాయి కావడంచేత అవి దిగబడ్డాయి. స్తంభాల నడుమ దారులలో నేల మొదట కొద్దిగా వంగింది. తరువాత గట్టులా లేచి నడిమధ్య పగిలింది. మరికొంత కాలానికి పైకప్పును తాకింది. చివరకు దారి మొత్తం మూసుకుపోయింది. ఒకచోట మొదలైన ఈ మార్పు ఒక దారి నుంచి మరొక దారికి నెమ్మదిగా ప్రాకి, గని అంతటా వ్యాపించగలదు.

కంటికి కనిపించనంత మెల్లగా జరిగే ఈ మార్పును బడిల్ ఓపికతో పరిశీలించాడు. ఏ దశలో నేల ఎంత లేచిందో, ఏ దశలో పొరలు ఎలా విరిగాయో చిత్రాలు గీశాడు. దిగువ పొరలలో కూడా ఆ వంపుల జాడ ఉన్నదని గుర్తించాడు. ప్రసిద్ధ భూవిజ్ఞాన శాస్త్రవేత్త చార్లెస్ లయల్ రాళ్ళ పొరలు ఒత్తిడికి ఎలా ముడతలు పడతాయో వివరిస్తూ, తన గ్రంథంలో బడిల్ అందించిన వాల్స్‌ఎండ్ గని చిత్రాన్ని చేర్చాడు. పర్వతాలు పుట్టిన తీరును ఆలోచించే శాస్త్రవేత్తకు, బొగ్గు దారులను కాపాడుకునే గని నిపుణుని పరిశీలన ఉపకరించింది. శాస్త్రం పండితుల గదులలోనే పుట్టదనడానికి ఇదొక నిదర్శనం.

వ్యాధి స్వభావం తెలిసిన వైద్యుడు చికిత్సను ఆలోచిస్తాడు. 1810 ప్రాంతంలో బడిల్ వాల్స్‌ఎండ్‌లో ఒక కొత్త పద్ధతిని ప్రవేశపెట్టాడు. అప్పటివరకు గని అంతా ఒకే మండపంలా ఉండేది. ఒక మూల కదలిక మొదలైతే దానిని ఆపే అడ్డు లేకపోయేది. బడిల్ గనిని భాగాలుగా విభజించాడు. ఒక్కొక్క భాగానికి ప్యానెల్ అని పేరు. ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య నలభై యాభై గజాల మందాన చెక్కుచెదరని బొగ్గు గోడను విడిచాడు. ఇప్పుడు ఒక ప్యానెల్‌లో నేల పొంగినా, పైకప్పు కూలినా ఆ కీడు గోడను దాటి పోలేదు. పెద్ద చెరువు గండిపడితే ఊరు మునుగుతుంది. పొలాన్ని మడులుగా కట్టుకున్న రైతుకు ఒక గట్టు తెగితే ఒక మడి నీరే పోతుంది. ఈ ఏర్పాటువల్ల ప్యానెల్ లోపలి స్తంభాలను కూడా కొంత నిశ్చింతగా తీయగలిగారు. భద్రతా పెరిగింది, బొగ్గూ పెరిగింది. నేడు ప్రపంచంలోని భూగర్భ గనులలో ప్యానెల్ అనే మాట నిత్యవ్యవహారంలో ఉన్నది.

అయితే గనికి శత్రువు ఒక్కటే కాదు. 1812 మే 25న టైన్ నదికి దక్షిణాన ఉన్న ఫెల్లింగ్ గనిలో వాయువు అంటుకుని పేలింది. 92 మంది మరణించారు. ఆ విషాదం దేశాన్ని కదిలించింది. మరుసటి సంవత్సరం గని ప్రమాదాల నివారణకు సండర్లండ్ నగరంలో ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం తన మొదటి నివేదికను 1814లో వెలువరించింది. అందులో గనులలోకి గాలి పంపే పద్ధతులన్నింటినీ వివరించిన రచన బడిల్‌దే. 1815లో ప్రఖ్యాత రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు గని వాయువుల స్వభావాన్ని ఆయనకు ఎరుకపరచినవారిలో బడిల్ ముఖ్యుడు. సన్నని తీగెల జల్లెడలో మంటను బంధించిన డేవీ దీపాన్ని 1816 జనవరిలో హెబ్బర్న్ గనిలో పరీక్షించారు. దానిని గనులలో ప్రచారం చేయడానికి బడిల్ పూనుకున్నాడు. దీపం ప్రాణాలు కాపాడింది. కాని దీపం చేతిలో ఉన్నదన్న ధైర్యంతో యజమానులు మునుపు వదిలేసిన ప్రమాదకరమైన చోట్లను కూడా త్రవ్వించసాగారు. అందుచేత దీపం వచ్చిన తరువాత కూడా పేలుళ్ళు ఆగలేదు.

బడిల్ జీవితంలో మరచిపోలేని గాయం మరొకటి ఉన్నది. అది వాయువువల్ల కలిగినది కాదు, విస్మృతివల్ల కలిగినది. న్యూకాసిల్‌కు ఈశాన్యంగా హీటన్ గని ఉన్నది. దాని పర్యవేక్షకుడు బడిలే. ఆ గనికి ప్రక్కనే జెస్మండ్ అనే చోట ఎన్నడో మూతపడిన పాత గని ఉన్నది. దానిని త్రవ్వినవారు గతించారు. వారు ఎంతదూరం త్రవ్వారో తెలిపే నమ్మకమైన పటం మిగలలేదు. విడిచిపెట్టిన ఆ సొరంగాలు ఏళ్ళ తరబడి నీటితో నిండి, భూమిలోపల కనిపించని చెరువుగా మారాయి. 1815 మే 3న తెల్లవారకముందే ఆ నీరు నడిమి అడ్డును ఛేదించుకుని హీటన్ గనిలోకి దూకింది. బయటపడే దారులు మునిగిపోయాయి. పెద్దలు, బాలురు కలిసి 75 మంది లోపల చిక్కుకున్నారు.

బడిల్ తన విద్యనంతా వెచ్చించాడు. యంత్రాలను బిగించి రాత్రింబవళ్ళు నీరు తోడించాడు. కాని ఒక చెరువును తోడడం ఒక రోజు పని కాదు. నెలల తరువాత గాని లోపలికి దారి దొరకలేదు. అప్పుడు బయటపడిన దృశ్యం ఎంతటి కఠిన హృదయాన్నైనా కరిగించేది. గనిలోని ఎత్తైన భాగానికి చేరుకున్న కొందరు నీటికి చిక్కకుండా కొంతకాలం ప్రాణాలతో ఉన్న జాడలు అక్కడ కనిపించాయి. వారు సహాయం కోసం ఎదురుచూశారు. సహాయం వారి తలపైనే శ్రమిస్తున్నది. నడుమ ఉన్నది నీరు. ఆ నీటికి కారణం, ఎవరూ దాచి ఉంచని ఒక పటం.

గనిలో మరణాలకు ఆ కాలంలో విధిని నిందించడం పరిపాటి. బడిల్ గ్రహించినది వేరు. పాత గని హద్దులు కాగితం మీద ఉండి ఉంటే, ఎంత మందాన అడ్డుగోడను వదలాలో లెక్కకట్టడం అసాధ్యం కాదు. లెక్కకు అందని ప్రమాదం వేరు, లెక్క రాయకపోవడంవల్ల వచ్చిన ప్రమాదం వేరు. అప్పటి గని యజమానులు తమ పటాలను రహస్యంగా ఉంచుకునేవారు. బొగ్గు అయిపోగానే గనితో పాటు పటం కూడా నిరుపయోగమని భావించేవారు. పటం చెదలపాలో, చెత్తపాలో అయ్యేది. గని మాత్రం ఎక్కడికీ పోయేది కాదు. భూమిలో చేసిన ఖాళీ తరతరాలు అలాగే ఉంటుంది. మనిషి మరచిపోయినా భూమి మరచిపోదు.

అందువల్ల బడిల్ రెండు పనులకు పూనుకున్నాడు. మొదటిది తానుగా చేసినది. తన ఎరుకలోని గనుల పటాలను, పొరల మందాలను, లోతులను, అవి విరిగిన చోట్లను, వేలాది కొలతలను సేకరించి భద్రపరిచాడు. న్యూకాసిల్ బొగ్గు క్షేత్రపు పొరల నిలువు చిత్రాలను అక్కడి ప్రకృతి శాస్త్ర సంఘానికి సమర్పించాడు. రెండవది ఇతరులచే చేయించడానికి ప్రయత్నించినది. గని పటాలను ఒక చోట దాచే కార్యాలయం ఉండాలని ఆయన వాదించాడు. 1838లో బ్రిటిష్ అసోసియేషన్ సభలు న్యూకాసిల్‌లో జరిగినప్పుడు దేశంలోని శాస్త్రవేత్తల ముందు ఈ విషయం చర్చకు వచ్చింది. ఆయన మిత్రుడు థామస్ సాప్‌విత్ వంటివారు దీనికోసం కృషి చేశారు. ఫలితంగా 1840 నాటికి లండన్‌లో ప్రభుత్వ గని పటాల కార్యాలయం ఏర్పడింది.

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ భూమి లోపలి సంగతులు. బడిల్ చూపు భూమి పైభాగాన్ని కూడా విడువలేదు. గనిలో స్తంభాలను తీసివేసినప్పుడు పైకప్పు కూలి ఆ ఖాళీలో పడుతుంది. దానిపై పొర వంగుతుంది. ఆ వంపు పొర నుంచి పొరకు పైకి ప్రాకి, చివరకు నేలను చేరుతుంది. అప్పుడు పొలంలో పల్లం ఏర్పడుతుంది. వానకాలంలో అక్కడ మడుగు నిలుస్తుంది. ఇండ్ల గోడలు బీటలు వారతాయి. బావుల నీరు ఇంకిపోతుంది. ఈ పరిణామాన్ని జనం ఎరుగుదురు. కాని ఎంత లోతున ఎంత మందం బొగ్గు తీస్తే నేల ఎంత కుంగుతుందనేది ఎవరికీ స్పష్టంగా తెలియదు.

1839లో బడిల్ ఈ విషయాన్ని లండన్ భూవిజ్ఞాన సంఘం ముందుంచాడు. బొగ్గు పొరల త్రవ్వకంవల్ల నేల కుంగడాన్ని గురించి వెలువడిన తొలి రచనలలో అది ఒకటి. నేల కుంగుబాటు నాలుగు విషయాలమీద ఆధారపడి ఉంటుందని ఆయన పరిశీలన. బొగ్గు పొర ఎంత లోతున ఉన్నది, దాని మందం ఎంత, దానికీ నేలకూ నడుమ ఉన్న రాళ్ళు ఎటువంటివి, స్తంభాలను పూర్తిగా తీశారా లేక కొంత మిగిల్చారా అనేవి ఆ నాలుగు. ఒకే మందం గల బొగ్గును తీసినా, పొర నేలకు దగ్గరగా ఉన్నచోట గుంత స్పష్టంగా ఏర్పడుతుంది. చాలా లోతున ఉన్నచోట కుంగుబాటు విశాలంగా పరచుకుని పలుచబడుతుంది. మెత్తని రాళ్ళు వంగుతాయి, గట్టి రాళ్ళు కొంతకాలం నిలిచి విరుగుతాయి. నేడు ఈ శాస్త్రం ఎంతో పెరిగింది. అయినా నేల కుంగుబాటును అంచనా వేసే ఇంజనీరు మొదట వేసుకునే ప్రశ్నలు ఇప్పటికీ ఇవే.

గనులతోనే ఆయన ప్రతిభ ముగియలేదు. లార్డ్ లండన్‌డెర్రీ అనే ప్రభువు గనులకు ప్రతినిధిగా ఉంటూ, 1828లో పునాది పడిన సీహం రేవు నిర్మాణంలో ఆయన ప్రధాన పాత్ర వహించాడు. 1831లో ఆ రేవు నుంచి బొగ్గు ఓడలు కదిలాయి. ఆయన అవివాహితుడు. సోదరి ఆయన గృహాన్ని చక్కబెట్టేది. సంగీతమంటే ఆయనకు మక్కువ. పగలంతా గనులలో తిరిగి వచ్చిన మనిషి సాయంవేళ చెల్లో అనే తంత్రీ వాద్యాన్ని వాయిస్తూ సేదతీరేవాడు.

మహనీయుల జీవితాలలో వెలుగుతో పాటు నీడ కూడా ఉంటుంది. బడిల్ జీవితంలో ఆ నీడ చిన్నది కాదు. ఆయన పర్యవేక్షణలోని వాల్స్‌ఎండ్ గనిలోనే 1821లో పేలుడు సంభవించి 52 మంది మరణించారు. 1835 జూన్ 18న మరొక పేలుడులో నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో బాలురు అనేకులు. కార్మికులు సంఘటితమై 1831లో పనిగంటల కోసం, కూలి కోసం పోరాడినప్పుడు ఆయన యజమానుల పక్షాననే నిలిచాడు. చిన్నపిల్లలను గనులలోకి పంపరాదనే వాదం బలపడినప్పుడు కూడా ఆయన యజమానుల వైపు నుంచే మాట్లాడాడు. తాను నడిచి వచ్చిన దారి కావడంచేత అందులోని క్రౌర్యం ఆయనకు కనిపించలేదు కాబోలు. రాతి పొరలలోని సూక్ష్మమైన కదలికను పసిగట్టిన కన్ను, తన కాలపు మనుషులలో వస్తున్న కదలికను పూర్తిగా గుర్తించలేకపోయింది. 1842లో బ్రిటిష్ పార్లమెంటు స్త్రీలు, పదేళ్ళలోపు బాలురు భూగర్భ గనులలో పనిచేయడాన్ని నిషేధించింది.

1843 అక్టోబరు 10న జాన్ బడిల్ కన్నుమూశాడు. న్యూకాసిల్ సమీపంలోని బెన్‌వెల్‌లో ఆయనను ఖననం చేశారు. ఆయన కోరిన సంస్కరణలు ఆయన తరువాత ఒక్కొక్కటిగా చట్టాలయ్యాయి. 1850 చట్టం గనులలో ప్రభుత్వ తనిఖీని ఏర్పరచి, ప్రతి గనికీ సరైన పటం ఉండాలని నిర్దేశించింది. 1872 చట్టం గనిని మూసివేసినప్పుడు దాని పటాన్ని ప్రభుత్వానికి అప్పగించడం విధిగా చేసింది. హీటన్ గనిలో 75 మంది మరణించిన 57 సంవత్సరాలకు ఈ నియమం అమలులోకి వచ్చింది. బడిల్ సేకరించిన పటాలు, కాగితాలు న్యూకాసిల్‌లోని గని ఇంజనీర్ల సంస్థలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

ఎక్కడో టైన్ నది ఒడ్డున జీవించిన ఈ వ్యక్తి కథతో గోదావరి తీరానికి సంబంధం లేకపోలేదు. 1871–72 ప్రాంతంలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1889లో అక్కడ త్రవ్వకం ప్రారంభమైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు స్థిరపడింది. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని ప్రాంతాలలో తరాల కొద్దీ కార్మికులు భూగర్భంలో దారులు తొలిచి, స్తంభాలను వదిలి, తిరిగి వాటిని తీస్తూ వచ్చారు. బడిల్‌ను వేధించిన ప్రశ్నే అక్కడి సర్వేయర్లకూ ఎదురయింది.

ఆ ప్రశ్నకు సమాధానం నేడు కొలతల రూపంలో లభిస్తున్నది. ఒక ప్యానెల్‌లో స్తంభాలను తీయడానికి ముందే, దానిపైన నేలమీద వరుసగా గుర్తులు పాతుతారు. ఆ వరుసలు ప్యానెల్ హద్దును దాటి చాలాదూరం సాగుతాయి. ఎందుకంటే నేల కుంగే ప్రదేశం క్రింద త్రవ్విన ప్రదేశం కంటె విశాలంగా ఉంటుంది. ప్రమాదం లేని చోట ఒక స్థిరమైన గుర్తును ఎంచుకుని, దానితో పోల్చి ప్రతి గుర్తు ఎత్తునూ నియమిత కాలంలో కొలుస్తారు. ఎంత కుంగినదో లెవలింగ్ పరికరం చెబుతుంది. రెండు గుర్తుల నడుమ దూరం పెరిగితే నేల సాగుతున్నదని, తగ్గితే నొక్కుకుపోతున్నదని అర్థం. ఇండ్లకు కుంగుబాటు కంటె ఈ సాగుడే ఎక్కువ హాని చేస్తుంది. ఊరంతా సమంగా దిగితే గోడలు నిలుస్తాయి, ఒక గోడ దిగి మరొక గోడ నిలిస్తే ఇల్లు చీలుతుంది. నేలలో పగుళ్ళు కనిపించగానే మట్టితో పూడుస్తారు. పూడ్చకపోతే వాననీరు గనిలోకి చేరుతుంది, గాలి చొరబడి మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి మండుతుంది. నేడు ఉపగ్రహాలు కూడా ఈ కాపలాలో చేరాయి. ఒకే ప్రదేశాన్ని వేర్వేరు కాలాలలో రాడార్ కిరణాలతో చూసి, నేల ఎత్తులో వచ్చిన అతి స్వల్పమైన మార్పును సైతం అవి పట్టి ఇస్తున్నాయి.

ఇన్ని సాధనాలున్నా, మరపు అనే శత్రువు మరణించలేదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చస్నాలా గనిలోకి పైనున్న పాత త్రవ్వకాల నీరు దూకి 370 మందికి పైగా కార్మికులను బలిగొన్నది. 2003 జూన్ 16న గోదావరిఖనిలో ఒక గనిని నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. హీటన్ గాథ ఇంగ్లండుకు మాత్రమే చెందినది కాదని ఈ సంఘటనలు హెచ్చరిస్తున్నాయి.

ఇంటి యజమాని జమాఖర్చుల పుస్తకం రాసుకుంటాడు. ఇంట్లోకి వచ్చినదానిని, పోయినదానిని గుర్తుంచుకోవడానికి అది ఆధారం. భూగర్భం నుంచి తీసుకున్నదానికి కూడా అటువంటి పద్దు ఒకటి ఉండాలనీ, అది తీసుకున్నవారి కోసం కాక తరువాత వచ్చేవారి కోసం రాయాలనీ జాన్ బడిల్ జీవితం బోధిస్తున్నది. సర్వంసహ అయిన భూమి ఓర్పును స్తుతించడం తేలిక. దాని ఓర్పు ఎంతవరకో కొలిచి, ఆ కొలతను దాచకుండా అందరి ముందుంచడం కష్టం. ఆ కష్టమైన పనికి తన జీవితంలో మిక్కిలి భాగాన్ని వెచ్చించినందువల్లనే, లోపాలున్న మనిషి అయినా, గనులలోకి దిగేవారికీ గనులపైన నివసించేవారికీ ఆయన స్మరణీయుడయ్యాడు.

కఠిన పదాలకు అర్థాలు

కుడ్యం = గోడ
ఏమరుపాటు = అజాగ్రత్త
సంక్రమించు = వారసత్వంగా వచ్చు
అడుసు = బురద
విస్మృతి = మరపు
ఛేదించు = పగులగొట్టు
నిక్షేపం = భూమిలో దాగి ఉన్న నిధి
క్రౌర్యం = కఠినత్వం
పద్దు = లెక్కల నమోదు

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హీటన్ గని ప్రమాదం జాన్ బడిల్ ఆలోచనను ఎలా ప్రభావితం చేసిందో వివరించండి.
2. నేల కుంగుబాటు ఏ విషయాలమీద ఆధారపడి ఉంటుంది? నేడు దానిని ఎలా కొలుస్తున్నారు?

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్రీప్ అంటే ఏమిటి? పాఠంలోని పోలికతో తెలపండి.
2. ప్యానెల్ పద్ధతివల్ల కలిగిన ప్రయోజనాలేవి?
3. బడిల్ జీవితంలోని లోపాలను రచయిత ఎలా అంచనా వేశాడు?

ఇ) క్రింది ప్రశ్నలకు ఒక వాక్యంలో సమాధానాలు రాయండి.
1. వాల్స్‌ఎండ్ అనే పేరుకు అర్థం ఏమిటి?
2. ఇల్లెందు పరిసరాలలో బొగ్గును కనుగొన్నది ఎవరు?
3. గనిని మూసినప్పుడు పటాన్ని అప్పగించాలని ఏ సంవత్సరపు చట్టం నిర్దేశించింది?